మహాభారతంలో మేటి వీరుడెవరు?



అర్జునుడు గొప్పవాడా, కర్ణుడు గొప్పవాడా? ఈ ప్రశ్న వినని తెలుగువారు అరుదు. భారతం కథగా విన్నవారికీ, 'కురుక్షేత్రం' నాటకం చూసినవారికీ, 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు దూరదర్శన్‌లో 94 భాగాలుగా వచ్చిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్' చూసినవారికీ ఈ వాదన పరిచితమే. ఈ ప్రసంగంలో మనం వెంటనే తీర్పు చెప్పబోవడం లేదు. ఆ తీర్పుకు ఏ కొలమానం వాడుతున్నామో ముందుగా పరిశీలిద్దాం. ఇందుకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణాన్ని మన వేదికగా తీసుకుందాం.

ఖరగ్‌పూరే ఎందుకు?

ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, ఇది పలు భాషలవారి పట్టణం. పందొమ్మిదవ శతాబ్దం చివరలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ అడుగుపెట్టింది. తరువాత పెద్ద కార్ఖానా వెలిసింది. ఆ రైలుమార్గం వెంబడే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు పనికోసం వచ్చి స్థిరపడ్డారు. వారి పొరుగున బెంగాలీలు, ఒడియాలు, తమిళులు, హిందీ మాట్లాడేవారు ఉన్నారు. వీరిలో ప్రతి భాషవారికీ తమదైన భారతం ఉంది. తెలుగువారిది కవిత్రయ భారతం. బెంగాలీలది కాశీరామదాసు భారతం. ఒడియాలది పదిహేనవ శతాబ్దపు సరళాదాసు భారతం. అందుచేత ఇలాంటి ఊళ్ళో ఈ వాదన ఒక్క భారతంతో తేలేది కాదు.

రెండవ కారణం స్థానికమైన ఒక కథ. ఈ ప్రాంతానికి పూర్వం హిడింబాడాంగా, అంటే హిడింబ ఉన్న మెట్టనేల, అనే పేరుండేదనీ, వనవాసంలో భీముడు ఇక్కడే హిడింబాసురుని చంపి హిడింబను పెళ్ళాడాడనీ స్థానికులు చెప్పుకుంటారు. పట్టణానికి పేరు వచ్చినట్లు చెప్పే ఖడ్గేశ్వర శివాలయం ఇందా ప్రాంతంలో ఉంది. హిడింబను తమదిగా చెప్పుకునే ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి. హిమాచల్‌ప్రదేశ్‌లోని మనాలిలో ఆమెకు గుడే ఉంది. వీటిలో ఏది నిజమని చరిత్ర తేల్చలేదు. అయితే హిడింబ కొడుకు ఘటోత్కచుడు మన వాదనకు చాలా ముఖ్యమైనవాడు. ఆయన వద్దకు కొంచెం సేపట్లో వద్దాం.

భీష్ముని జాబితా

మేటి వీరుడెవరన్న చర్చ మనం మొదలుపెట్టినది కాదు. భారతంలోనే ఉంది. యుద్ధానికి ముందు, ఉద్యోగపర్వంలో, దుర్యోధనుడు ఇరువైపుల యోధుల బలాబలాలు చెప్పమని భీష్ముణ్ణి అడుగుతాడు. భీష్ముడు రథులు, అతిరథులు, మహారథులు అంటూ ఒక్కొక్కరినీ లెక్కకట్టి చెబుతాడు. సంప్రదాయ నిర్వచనం ప్రకారం మహారథుడంటే పదివేలమంది విలుకాండ్రతో ఒంటరిగా పోరాడగలవాడు.

ఈ లెక్కలో కర్ణుని వంతు వచ్చినప్పుడు భీష్ముడు అతనిని 'అర్ధరథుడు' అంటాడు. అందుకు కారణాలు కూడా చెబుతాడు. సహజకవచకుండలాలు పోయాయి, పరశురాముని శాపం తగిలింది. ద్రోణుడు కూడా ఈ మాటను సమర్థిస్తాడు. అవమానం సహించలేక కర్ణుడు, భీష్ముడు యుద్ధంలో ఉన్నంతకాలం తాను ఆయుధం పట్టనని శపథం చేస్తాడు. అలా మొదటి పదిరోజులు కౌరవులు కర్ణుడు లేకుండానే యుద్ధం చేశారు. ఒక జాబితా ఒక సైన్యానికి ఎంత నష్టం చేయగలదో గమనించండి!

అయితే కథ అక్కడితో ఆగలేదు. పదవరోజున భీష్ముడు అంపశయ్య చేరాడు. కర్ణుడు ఒంటరిగా వచ్చి పాదాల వద్ద నిలిచాడు. అప్పుడు అదే భీష్ముడు, బాణప్రయోగంలో, హస్తలాఘవంలో, అస్త్రబలంలో నీవు అర్జునునికీ కృష్ణునికీ సమానుడవని చెబుతాడు. నీవు అకారణంగా పాండవులను ద్వేషిస్తున్నావు కనుక నీ తేజస్సు తగ్గించడానికే అంత పరుషంగా మాట్లాడానని కూడా ఒప్పుకుంటాడు. మనిషి ఒక్కడే, కొలిచినవాడూ ఒక్కడే. పదిరోజుల తేడాలో సగం వీరుడు సమాన వీరుడయ్యాడు. మారినది కర్ణుని విలువిద్య కాదు, కొలిచేవాని ఉద్దేశం.

పుట్టుక అనే కొలత

కర్ణునికి ఎదురైన మొదటి కొలత ఇది కూడా కాదు. ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన జరిగినప్పుడు, అర్జునునితో ద్వంద్వయుద్ధానికి సిద్ధపడిన కర్ణుణ్ణి కృపాచార్యుడు నీ వంశమేమిటని అడుగుతాడు. బాణం వేయమని ఎవరూ అడగలేదు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం కట్టబెట్టి ఆ ప్రశ్నకు సమాధానమిచ్చాడు.

ఆధునిక కాలంలో కర్ణునికి ఇంత అభిమానం రావడానికి మూలం ఈ సన్నివేశమే. 1964లో తమిళంలో శివాజీ గణేశన్ 'కర్ణన్', 1977లో తెలుగులో ఎన్.టి. రామారావు 'దాన వీర శూర కర్ణ' వచ్చాయి. బెంగాలీలో రవీంద్రనాథ ఠాగూర్ 'కర్ణ-కుంతీ సంవాదం' రాశారు. పుట్టుక వల్ల కాక పనితనం వల్ల గుర్తింపు పొందాలని కోరుకునే ప్రతి మనిషికీ కర్ణుడు తనవాడనిపిస్తాడు. సొంతూరు వదిలి కార్ఖానాలో చేతిపనితో బతుకు నిలబెట్టుకున్నవారి పట్టణంలో ఈ అభిమానాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. కానీ న్యాయంగా ఉండాలంటే రెండోవైపు కూడా చూడాలి. ఘోషయాత్రలో గంధర్వులతో జరిగిన యుద్ధం నుండి కర్ణుడు తప్పుకున్నాడు. ఉత్తరగోగ్రహణంలో అర్జునుడు ఒక్కడే కర్ణునితో సహా కౌరవ వీరులందరినీ గెలిచాడు. జరిగిన అన్యాయం మీద మనకు కలిగే జాలి ఒకటి, రణరంగంలో జరిగిన లెక్క మరొకటి. రెండింటినీ కలిపివేస్తే వాదన దారి తప్పుతుంది.

లెక్కలో మరుగునపడినవాడు

ఇప్పుడు ఘటోత్కచుని వద్దకు వద్దాం. తెలుగువారికి ఆయన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు రూపంలో నవ్వించిన వీరుడు. భీష్ముని జాబితాలో ఆయనకు పెద్ద స్థానమే ఉంది. రథిక సమూహాల నాయకులకే నాయకుడని భీష్ముడు ఆయనను లెక్కించాడు. అయినా మన వాదనల్లో ఆయన పేరు సాధారణంగా రాదు.

కవచకుండలాలకు బదులుగా ఇంద్రుడు కర్ణునికి ఒక శక్తి ఇచ్చాడు. దానిని ఒక్కసారే ప్రయోగించాలి. కర్ణుడు దానిని అర్జునుని కోసం దాచుకున్నాడు. పద్నాలుగవనాటి రాత్రియుద్ధంలో ఘటోత్కచుని ధాటికి కౌరవసేన చెల్లాచెదురైంది. అందరూ ప్రాధేయపడగా కర్ణుడు ఆ శక్తిని అతనిపై వేశాడు. కూలిపోతూ కూడా ఘటోత్కచుడు తన దేహాన్ని పెంచి ఒక అక్షౌహిణి కౌరవసేనను నలిపివేశాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు, ఎందుకంటే అర్జునుడు బతికిపోయాడు. పదిహేడవరోజు అర్జునుడు కర్ణుణ్ణి గెలిచాడంటే, ఆ గెలుపు వెనుక హిడింబ కొడుకు ప్రాణం ఉంది. మేటి వీరుని పేరు చెప్పేటప్పుడు, అతని మేటితనానికి ఎవరు మూల్యం చెల్లించారో కూడా చెప్పవద్దా?

బర్బరీకుని తీర్పు

ప్రచారంలో ఉన్న మరొక కథ ప్రకారం, ఘటోత్కచుని కొడుకు బర్బరీకుడు ఒంటరిగా క్షణాల్లో యుద్ధం ముగించగలవాడు. కృష్ణుడు అతని శిరస్సు కోరాడు. ఆ శిరస్సు కొండమీద నుండి యుద్ధమంతా చూసింది. గెలిచాక పాండవులు గెలుపు ఎవరివల్ల అని వాదులాడుకుని, ఆ శిరస్సునే అడిగారు. నాకు కనిపించినది కృష్ణుని చక్రం ఒక్కటే అన్నది దాని జవాబు. మన ప్రశ్నకు తీర్పరిగా నిలిచినవాడు హిడింబ మనుమడన్నమాట!

చివరికి అర్జునుని సంగతేమిటి? మౌసలపర్వంలో యాదవ స్త్రీలను వెంటబెట్టుకు వస్తుండగా దోపిడీగాళ్ళు అడ్డుపడతారు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది, అస్త్రాలు గుర్తుకురావు. మహాప్రస్థానంలో అతడు నేలకూలినప్పుడు ధర్మరాజు కారణం చెబుతాడు: ఒక్కరోజులో శత్రువులందరినీ దహిస్తానన్నాడు, తనంతటి విలుకాడు లేడనుకున్నాడు. అంటే మేటినన్న భావననే భారతం దోషంగా లెక్కించింది. బెంగాలీ రచయిత బుద్ధదేవ బసు భారతానికి నిజమైన నాయకుడు యుధిష్ఠిరుడని వాదించడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

ముగింపు

ఖరగ్‌పూర్ రైల్వే ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలో అదే పొడవైనదన్న పేరుండేది. 2013లో 1366 మీటర్లతో గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి దానిని దాటాయి. అక్కడ గొడవ లేదు, టేపు పెట్టి కొలిస్తే తేలిపోతుంది. వీరత్వానికి అలాంటి టేపు లేదు.

కనుక ఈ వాదన మళ్ళీ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. మనం మాట్లాడుతున్నది వ్యాసుని భారతమా, తిక్కన భారతమా, సినిమానా? కొలుస్తున్నది విలువిద్యనా, గెలుపునా, గుణాన్నా? మన లెక్కలో చేరనివారు ఎవరు? ఈ మూడింటికీ జవాబు చెప్పుకున్నాక మీరు అర్జునుణ్ణి ఎంచుకున్నా, కర్ణుణ్ణి ఎంచుకున్నా, ఘటోత్కచుణ్ణి ఎంచుకున్నా, అది తెలిసి చేసిన ఎంపిక అవుతుంది. మీతో విభేదించేవారి మాట వినే ఓపిక కూడా దానితోపాటే వస్తుంది.