సముద్రముపై వాన: ఉపగ్రహపు లెక్క, వర్షమాపకపు సాక్ష్యము



మూరెడు నోరుగల కుండమును కోష్ఠాగారమున నుంచి వానను కొలువవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించినాడు. నేలపై నిది సులభమే. కాని మన చోడవరపు చెరకుతోటలను తడుపు మేఘములలో ననేకము బంగాళాఖాతముపై పుట్టునవి గదా! అచ్చట కుండము నెవరు నిలుపుదురు?

ఈ పనికి ఉపగ్రహములు పూనుకొన్నవి. వానను చూచు రాడారును మోసికొనిపోయిన మొదటి ఉపగ్రహము ట్రిమ్. దానిని అమెరికా, జపానులు 1997 నవంబరులో ప్రయోగించినవి; 2015 వరకు పనిచేసినది. 2011 అక్టోబరు 12న మన శ్రీహరికోటనుండి, ఫ్రెంచివారి భాగస్వామ్యముతో, మేఘ-ట్రోపిక్స్ వెడలినది.

అయితే ఉపగ్రహము వానను పట్టి కొలువదు. చినుకుల జాడను సూక్ష్మతరంగములలో చూచి లెక్కగట్టును. ఆ లెక్కకు సాక్షి కావలెను. నేలపై వర్షమాపకముల కొలతలతోనే ఉపగ్రహపు లెక్కలను సవరించుచుందురు గావున, అచ్చటి సాక్షి కొంతవరకు కక్షిదారుని ఇంటివాడే! సముద్రముపై బోయాల కొలత ఆ సవరణలో చేరదు.

హిందూమహాసముద్రమున 2004 నుండి ‘రామా’ అను బోయాల శ్రేణి ఏర్పడసాగినది. (ఈ పేరు శ్రీరామునిది కాదు, ఆంగ్లాక్షరముల కూడిక.) అందులో 15 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 90 డిగ్రీల తూర్పు రేఖాంశముల కూడలి విశాఖపట్టణమునకు ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరము. బోయాపై గొట్టమువంటి వర్షమాపకము; 50 మిల్లీమీటర్లు నిండగానే నీరు దానంతటదే వెడలిపోవును.

చిక్కు లిక్కడనే యున్నవి. వర్షమాపకపు నోరు 100 చదరపు సెంటీమీటర్లు. ఉపగ్రహపు నేటి లెక్కలో ఒక్కొక్క గడి ఇంచుమించు 120 చదరపు కిలోమీటర్లు, అనగా పన్నెండు వందల కోట్ల రెట్లు! ఏటికి ఈ గట్టు తడిసి ఆ గట్టు ఎండియుండుట మన రైతులెరుగనిది కాదు. కావున గంట లెక్కలు పొసగకున్నను తొందరపడి తీర్పు చెప్పరాదు. దినములు, నెలలు కూడబెట్టి చూచినచో స్థానికపు హెచ్చుతగ్గులు చాలవరకు కొట్టుకొనిపోవును. అప్పటికిని తేడా ఒకే వైపునకు మిగిలినచో, అది లెక్కగట్టు పద్ధతిలోని దోషము కావచ్చును.

కావచ్చునని యేల యంటిని? సాక్షికిని లోపము కలదు. గాలి వీచునపుడు చినుకులు గొట్టపు నోటిమీదుగా కొట్టుకొనిపోవును, కొలత తగ్గును. గాలివేగమును బట్టి దీనిని ముందు సవరింపనిచో, తప్పు చేయని ఉపగ్రహమునకు హెచ్చు చెప్పినదన్న నింద పడును. 2014 అక్టోబరు 12న విశాఖపై విరుచుకుపడిన హుద్‌హుద్ వంటి తుపానులలో గాలియు వానయు ఒక్కసారిగా విజృంభించును. సాక్ష్యమెప్పుడు మిక్కిలి యవసరమో అప్పుడే సాక్షి బలహీనుడగును. నా మట్టుకు నాకు ఈ శాస్త్రమున నిదియే కఠినమైన ఘట్టమని తోచును.

మరియొక బెడద మనుష్యులవలన వచ్చునది. బోయా నీడకు చేపలు చేరును. చేపలకై పడవలు చేరును. బోయాకు పడవను కట్టుటచేతను, వల తగులుటచేతను పరికరములు చెడి, నెలల కొలతలు పోయిన సందర్భములున్నవి. పోయిన వానను మరల కొలువలేము. పూడిమడక మొదలుగాగల తీరగ్రామములతో చుట్టరికములున్నవారు ఈ సభలో నున్నచో, ఈ మాట వారి చెవిని వేయవలసినదిగా కోరుచు సెలవు గైకొనుచున్నాను.