కథల్లో మన పిల్లల పేర్లు

(పెద్దమండ్యంలో ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేసవి సెలవుల్లో మేము పిల్లల చేత కథలు రాయించాము. ఐదో తరగతి పూర్తయిన ఒక అమ్మాయి, తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ తన తమ్ముడు చెరువు దాకా వెళ్లిన సంగతిని చక్కగా రాసింది. కానీ కథలో తమ్ముడి పేరు రాము. ఇంట్లో ‘అమ్మీ’ అని పిలిచే తల్లి కథలో ‘అమ్మ’ అయింది. ఎందుకు మార్చావమ్మా అని అడిగితే, “కథల్లో పేర్లు ఇట్లే ఉంటాయి కదా తాతా” అన్నది. మా వద్ద జవాబు లేకపోయింది.

చదువులో చోటు కోసం మనం విన్నపాలు రాశాము, ఉద్యమించాము. 2007 చట్టంతో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కథల పుస్తకంలో చోటు మాత్రం ఏ జీవోతోనూ రాదు. ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే వస్తుంది.

రాసినవారు లేకపోలేదు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’లో కావలి బాల్యాన్ని చెప్పారు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో ముస్లిం, దళిత బాలల జీవితాలతో పిల్లల పుస్తకాలను తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో వెలువరించింది. తలకాయ కూర వండుకునే ఇల్లూ పిల్లల కథ కాగలదని అందులో ఖదీర్‌బాబు రచన చూపింది. అయినా ఎనిమిది నుండి పన్నెండేళ్ల పిల్లలు సొంతంగా చదువుకోదగిన ఇటువంటి కథలు ఇంకా చాలవు.

ఆ లోటు తీర్చగలవారు ఉపాధ్యాయులే. పిల్లలకు ఏ మాట అందుతుందో, ఎక్కడ నవ్వుతారో, ఏ పుట వద్ద పుస్తకం మూసేస్తారో వారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. రాత్రి రాసిన పుటను మరునాడే తరగతిలో చదివి వినిపించి దిద్దుకోవచ్చు.

రాసేవారికి మూడు మనవులు. ముస్లిం బాలుణ్ణి పండుగనాడు సేమియా పంచడానికే కథలోకి తేవద్దు. వాడు లెక్కల్లో తప్పనీ, బావిలో ఈత నేర్వనీ, అబద్ధమాడి దొరికిపోనీ. మతసామరస్యం బోధించే బరువు పదేళ్లవాడి భుజాన వేయడం న్యాయం కాదు. రెండవది, మనమందరం ఒకే మూసలో లేము. ఇంట ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగే మాట్లాడే దూదేకుల వారున్నారు. తెలియనిది అడిగి రాయండి. మూడవది, పిల్లవాడు మిమ్ములను నమ్మి చెప్పుకున్న ఇంటి కష్టాన్ని ఉన్నదున్నట్లు కథ చేయవద్దు. పేరు మార్చినా తోటి పిల్లలు పోల్చుకుంటారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. అయ్యవారు మన ఇంటి సంగతులు అడిగితే అనుమానించక చెప్పండి. మన పిల్లలు దళిత, గిరిజన, వికలాంగ బాలల కథలు కూడా చదవాలి. మనం కోరే న్యాయం ఇతరులకూ దక్కాలి.

ఆ అమ్మాయి జూన్‌లో హైస్కూలుకు వెళుతుంది. అక్కడి బీరువాలో తన తమ్ముడి పేరున్న కథ ఒక్కటైనా ఆమెకు కనబడాలి. దానిని రాయగలవారు ఈ సభలోనే ఉన్నారని మా నమ్మకం. సెలవు.