కాంట్రాక్టరు ఎప్పుడు వింటాడు?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఉన్నవారిలో చాలామంది ఏదో ఒకనాడు ఇల్లో, దుకాణమో, అపార్టుమెంటో కట్టించినవారే. సిమెంటు, ఇసుక లెక్కలు మాకన్నా మీకే బాగా తెలుసు. మేము చెప్పదలిచింది వేరే లెక్క. కట్టడానికి పెట్టే ప్రతి రూపాయిలో కొంత కూలిగా ఎవరి చేతికో వెళుతుంది. ఆ చెయ్యి ఎవరిదని కట్టించేవాడు అడగవచ్చా? అడిగితే కాంట్రాక్టరు వింటాడా?

విన్న చోట్లున్నాయి. బ్రిటన్‌లో 2012లో ఒక చట్టం చేశారు. ప్రభుత్వ సంస్థలు సేవలు కొనేటప్పుడు ఆ ప్రాంత ప్రజలకు కలిగే మేలును కూడా ఆలోచించాలని దాని సారాంశం. ఆలోచించమంటే ఎంతమంది ఆలోచిస్తారు? అందుకే 2021 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖల పెద్ద టెండర్లలో కనీసం 10 శాతం మార్కులు దానికే పెట్టారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2018లో ఇలాంటి విధానమే తెచ్చింది. ఆదివాసీల సంస్థలకు, దివ్యాంగులకు, చాలాకాలంగా పని దొరకనివారికి ఏం చేస్తారో పెద్ద పనుల కాంట్రాక్టర్లు టెండరులోనే రాసివ్వాలి. అంతకుముందే, 2016 నుంచి, అక్కడ 2 కోట్ల డాలర్లు దాటిన ప్రభుత్వ పనుల్లో 10 శాతం పని గంటలు అప్రెంటిస్‌లు, శిక్షణలో ఉన్నవారు చేయాలి.

అక్కడి కాంట్రాక్టర్లు ఎందుకు ఒప్పుకున్నారు? మొదటి కారణం, పని పోతుందన్న భయం. ఇది చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. రెండోది పక్కవాడు. ఒకరికి ఆ మార్కులతో టెండరు దక్కితే మిగతావారూ అదే దారి పడతారు. పనివాళ్ల కొరత ఇంకొకటి. మనసులో ఉన్న దయ కూడా ఉంటుంది గానీ, ముందు అదే కదులుతుందని మేము చాలాకాలం పొరబడ్డాం. చాలామంది విషయంలో అది పని మొదలయ్యాక, ఎదురుగా మనిషిని చూశాక వస్తుంది.

దీనికి మినహాయింపు కేరళలో ఉంది. వడకర దగ్గర 1925లో మొదలైన ఊరాలుంగల్ కార్మిక సహకార సంఘం ఇప్పుడు పెద్ద పెద్ద రోడ్లు, వంతెనలు కడుతోంది. అక్కడ కార్మికులే యజమానులు కాబట్టి పైనుంచి ఎవరూ అడగనక్కర్లేదు.

ఇక మన సంగతి. హాస్టలు పై అంతస్తు కట్టించినప్పుడు, వైరింగ్ నేర్చుకున్న నలుగురు కుర్రాళ్లను పనిలో పెట్టుకోమని కాంట్రాక్టరును అడిగాం. అలాగేనన్నాడు. మూడో వారం వెళ్లి చూస్తే ఇద్దరు ఇటుకలు మోస్తున్నారు, ఇద్దరు రావడమే మానేశారు. మాకు కోపం వచ్చింది, గట్టిగానే మాట్లాడాం. తర్వాత తెలిసింది, వైరింగ్ పనిని అతను ఒక మేస్త్రీకి పాయింటుకు ఇంతని అప్పగించాడని. కొత్తవాడికి చూపిస్తూ కూర్చుంటే ఆ రోజు పాయింట్లు తగ్గుతాయి. ఆ నష్టం మేస్త్రీ జేబులోంచే పోతుంది. మాట ఇచ్చింది ఒకరు, మోయాల్సింది ఇంకొకరు. ఆ మేస్త్రీతో మేము ఒక్కసారి కూడా మాట్లాడలేదు. తప్పు ఎక్కువగా మాదే.

ఈసారి ప్రహరీ, మెట్ల పనికి కొటేషన్లు పిలిచినప్పుడు రెండు మార్పులు చేశాం. నేర్చుకునేవారి మొదటి నెల కూలిని ఎస్టిమేటులో విడిగా చూపమన్నాం. కాంట్రాక్టరుతోపాటు మేస్త్రీ కూడా సంతకం పెట్టాలన్నాం. ముగ్గురు కొటేషన్ ఇస్తే, మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చింది ఒక్కరే. ఆయన ధర అన్నిటికన్నా తక్కువది కాదు. అయినా పని ఆయనకే ఇచ్చాం.

ఇది మీ డబ్బు. తక్కువకు దొరికేదాన్ని ఎక్కువ పెట్టి ఎందుకు తీసుకున్నారని అడిగే హక్కు మీకుంది. తేడా ఎంతో ఈ సంచికలోని జమాఖర్చుల్లో విడిగా చూపాం. మూడు కొటేషన్లూ ఆఫీసులో ఉన్నాయి, వచ్చి చూడండి. మీలో ఈ ఏడాది కట్టడం మొదలుపెట్టేవారు ఉంటే ఆ షరతుల కాగితం నకలు ఇస్తాం. మేస్త్రీ సంతకానికి చోటు అందులో కింద ఎడమవైపు ఉంది.