చిప్పుకు తగ్గ కంపైలర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ప్రాసెసర్‌కు తెలిసినవి ఒకట్లు, సున్నాలతో కూడిన ఆదేశాలే. మనం రాసిన ప్రోగ్రామ్‌ను ఆ ఆదేశాలుగా మార్చేది కంపైలర్. తెలుగు మాస్టారు మనచేత వాక్యాన్ని కర్త, కర్మ, క్రియలుగా విడదీయించేవారు. కంపైలర్ మొదట చేసేదీ అలాంటి పనే.

మన రైస్‌మిల్లుల్లో ధాన్యం అదే. మన ఇళ్లకైతే పచ్చి బియ్యం, కేరళకైతే ఉప్పుడు బియ్యం. తినేవాళ్లెవరో తెలిశాకే మిల్లు నడుపుతారు. కంపైలర్‌కూ ముందే రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, ప్రాసెసర్ ఏది? ఫోన్లలోని ఆర్మ్ చిప్పు ఆదేశాలు ఇంటెల్‌కు తెలియవు. దశాంశాల లెక్కలు చేసే భాగం చిప్పులో లేకపోతే వాటిని సాఫ్ట్‌వేర్‌తో చేయించాలి.

రెండోది, ఆపరేటింగ్ సిస్టమ్ ఏది? 64 బిట్ల ఇంటెల్ చిప్పు మీద ఫంక్షన్‌కు పూర్ణాంకాలు ఇచ్చేటప్పుడు లినక్స్ పద్ధతిలో మొదటి ఆరు రిజిస్టర్లలో వెళ్తాయి, విండోస్‌లో నాలుగే. ఈ ఒప్పందం తప్పితే, మన ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నా జవాబు తప్పు వస్తుంది.

రాకెట్‌లోని చిప్పు మీద కూర్చుని ప్రోగ్రామ్ రాయలేం. బల్ల మీది కంప్యూటర్‌లోనే వేరే చిప్పుకు కావలసిన ఆదేశాలు తయారుచేస్తాం. అదే క్రాస్ కంపైలర్.

ఇస్రో, చండీగఢ్ సెమీకండక్టర్ ల్యాబొరేటరీ కలిసి విక్రమ్ 3201, కల్పన 3201 అనే 32 బిట్ల ప్రాసెసర్లు చేశాయి. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి60లో విక్రమ్‌ను పరీక్షించారు. 2025 మార్చి 5న తొలి విడత చిప్పులు ఇస్రోకు అందాయి. కల్పన అంతర్జాతీయ ప్రమాణమైన స్పార్క్ ఆదేశాలతో నడుస్తుంది కనుక అందరికీ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ పరికరాలు దానికి సరిపోతాయి. విక్రమ్‌కు మాత్రం అడా భాష కంపైలర్, అసెంబ్లర్, లింకర్ అన్నీ ఇస్రోవారే రాసుకున్నారు. అవి లేకపోతే ఎంత మంచి చిప్పయినా పలకని రాయే.

ఈ పనికి మనుషులు కావాలి. మన పిల్లలకు కంప్యూటర్ వాడటం నేర్పుతున్నాం. దాని లోపల జరిగేది ఎవరు చెబుతారు? జీసీసీ కంపైలర్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. బడిలోని పాత కంప్యూటర్లు చాలు. నా వంతుగా నెలకో ఆదివారం వచ్చి పాఠం చెబుతాను. మీలో మరో ఇద్దరు ముందుకొస్తే తరగతి ఆగకుండా సాగుతుంది. గురువులు అనుమతించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.