తారు రోడ్డును కాపాడుకొందము



శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో రోడ్డు అనగా బస్సు నడుచు దారి మాత్రమే కాదు. ఉద్దానపు జీడిపిక్కలు పలాస చేరుటకు, నాగావళి ఆయకట్టు ధాన్యము మిల్లు చేరుటకు, నొప్పులు పడుచున్న తల్లి ఆసుపత్రి చేరుటకు అదియే ఆధారము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటినపుడు చెట్లు కూలి దారులు మూతపడినవి. దారి లేని దినము ఎట్లుండునో ఆనాడు మనము చూచితిమి. తుపానును ఆపుట మన చేతిలో లేదు. కాని తుపాను లేని దినములలో రోడ్డుకు మెల్లగా జరుగు నష్టమును మనము ఆపగలము.

మనము తారు అని పిలుచునది ముడి చమురును శుద్ధి చేయగా మిగులు బిట్యుమెన్. కంకరరాళ్లను కలిపి పట్టియుంచు జిగురు అదియే. ఏండ్ల తరబడి ఎండకు, గాలికి గురియగుటచే దానిలోని తేలిక నూనె భాగములు తగ్గిపోవును. ప్రాణవాయువు కలిసి దానిని గట్టిపరచును. నల్లని రోడ్డు బూడిద వన్నెకు తిరిగి, జిగురు పెళుసై, సన్నని పగుళ్లు తీయును. వాననీరు ఆ పగుళ్లగుండ అడుగు పొరలోనికి దిగును. తడిసిన పునాదిపై బరువైన లారీలు నడచిన గుంతలు పడును.

కావున చికిత్స గుంత పడిన పిమ్మట కాదు, వన్నె మారిన తరుణముననే జరుగవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల? తారును సన్నని బిందువులుగా నీటిలో కలిపిన ఎమల్షన్‌ను, శుభ్రముగా ఊడ్చిన రోడ్డుపై చదరపు మీటరుకు సుమారు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు చల్లుదురు. నీరు ఆరిపోగా మిగిలిన తారు సన్నని పగుళ్లను మూయును. పెళుసైన తారుకు తగ్గిన నూనె భాగములను తిరిగి చేర్చి మెత్తపరచు ద్రావణములు కూడ కలవు. పెద్ద పగుళ్లను ముందుగానే పూడ్చవలెను. పొడి వాతావరణమున ఈ పని చేసి, పూత ఆరువరకు బండ్లను ఆపవలెను. తారు పైకి తేలి నిగనిగలాడు రోడ్డుపై ఈ పూత పనికిరాదు, చక్రములు జారును. పునాది క్రుంగిన చోట పై పూత వ్యర్థము. అచ్చట త్రవ్వి బాగుచేయవలసినదే.

ఇది ఇంజనీర్ల పని. మరి మన పని యేమి? నీరే రోడ్డునకు ప్రథమ శత్రువు. వానలకు ముందే ప్రక్క కాలువలలోని పూడిక తీసి, తూములను శుభ్రపరచుకొందము. గోగు ఊరవేయుటకు ఆ కాలువలకు అడ్డుకట్టలు వేయరాదు. దమ్ము పట్టిన ట్రాక్టరును ఇనుప చక్రములతో తారుపై నడపరాదు. రోడ్డు ప్రక్క చెత్త, గడ్డి తగులబెట్టరాదు. కుళాయి గొట్టము కొరకు రోడ్డును కోయవలసివచ్చినచో, అనుమతి పొంది, కోసిన చోటును పొరలు పొరలుగా దిమ్మిస చేయించి తారు వేయించవలెను.

మరియొక సంగతి. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లను, నిర్మించిన కంట్రాక్టరే 5 ఏండ్లపాటు నిర్వహించవలెనను నిబంధన కలదు. అట్టి రోడ్డు మీ యూరికి ఉన్నచో, దాని మొదట నాటిన పలకపై పని పూర్తియైన తేదీని చదువుడు. గడువు తీరకముందే గ్రామసభలో రోడ్డు స్థితిని చర్చించి, ఏ చోట పగుళ్లున్నవో వ్రాసి పంచాయతీరాజ్ ఇంజనీరుకు అర్జీ నిచ్చి, రసీదు పొందుడు. గడువు దాటిన పిమ్మట ఆ మరమ్మతునకు నిధులు వేరుగ వెదకవలసివచ్చును.

కొండ దిగువ గూడెముల నుండి రోగులను డోలీలలో మోసికొనివచ్చిన వార్తలు ఇటీవలి కాలమునను వినియున్నాము. రోడ్డు రాని యూళ్లకు రోడ్డు రావలెను. అందులకై, వచ్చిన రోడ్డును అకాలముగ చెడనీయక, మరల వేయు వ్యయమును తప్పించుట మనందరి విధి.