ఏ ఊరి నీళ్ళు?

 

ఒక్క అణువు మందాన నీటి మీద పొర పరిచి, దాన్ని గాజు పలక మీదికి ఎత్తుకోవడం నా వృత్తి. ఈ విద్యకు దారి వేసిన ఆగ్నెస్ పాకెల్స్ విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. జర్మనీలో తన ఇంటి వంటగదిలోనే ప్రయోగాలు చేసింది. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఆమె రాసిన ఉత్తరం 1891లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు లాంగ్‌మూర్, కాథరిన్ బ్లాడ్జెట్ ఆ పొరలను గాజు మీద ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతి తెచ్చారు. అలాంటి పొరలో అయాన్‌ను పట్టుకునే రంగు అణువును ఇమిడిస్తే, అయాన్ తగలగానే రంగు మారుతుంది.

అలా పట్టుకోవడానికి నేను ఫ్లోరైడ్ అయాన్‌ను ఎంచుకున్నాను. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండలో దాని సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఎంత అందమైన గ్రాఫు పట్టుకెళ్ళినా మా గురువుగారు ముందు అడిగేది ఒకటే: “ఏ ఊరి నీళ్ళమ్మా?”

ఇప్పుడు పరిశోధన గ్రంథాలు దిద్దుతుంటే నా బాధ అదే. ఫ్లోరైడ్‌ను పట్టే అణువు అంటారు, పరీక్ష మాత్రం నీటిలో కాక అసిటోనైట్రైల్ అనే ద్రావణిలో చేస్తారు. ఏ పల్లెలో తాగుతారు నాయనా అసిటోనైట్రైల్? నీటిలో ఫ్లోరైడ్ చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటుకుని ఉంటాయి, మీ రంగు అణువు కోసం ఫ్లోరైడ్ వాటిని అంత తేలిగ్గా వదిలి రాదు. క్షారం ఎక్కువైన బోరు నీటిలో హైడ్రాక్సైడ్ పోటీకొస్తుంది. రెండింటి పరిమాణం దాదాపు ఒకటే, ఆవేశమూ ఒకటే. పటిక, సున్నం వేసి శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి నీళ్ళలో అల్యూమినియం మిగిలితే, అది ఫ్లోరైడ్‌ను తనతో కట్టేసుకుంటుంది. అప్పుడు పరికరం తక్కువ చూపిస్తుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు మీరిన నీటిని కూడా మంచిదని నమ్మి ఓ తల్లి బిడ్డకు తాగిస్తుంది. ఆ తప్పుడు అంకె ఆ బిడ్డ పళ్ళలో, ఎముకల్లో తేలుతుంది. అందుకే ఇంత గట్టిగా కోప్పడుతున్నాను.

పట్టాలు అందుకున్న పిల్లలూ, మీరు ఏ పరికరం చేసినా, అది పనిచేయాల్సిన చోటికే తీసుకెళ్ళి పరీక్షించండి. అక్కడ అది పనిచేయకపోతే ఆ సంగతి కూడా దాచకుండా రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.