ఖాళీ గడి సున్నా కాదు
(ప్రసంగ పాఠం)



1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన నాటి నుంచి కృష్ణా నీళ్లలో సీమ వాటాను లెక్కకట్టి అడుగుతూనే ఉన్నాం. మన ఆసుపత్రుల లెక్క మాత్రం పాలకులు ఇచ్చింది ఇచ్చినట్టు నమ్ముతున్నాం. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగడం లేదు.

హిందూపురంలో కాన్పు కష్టమైతే బండి అనంతపురానికో, బెంగళూరుకో పరుగెత్తాలి. అక్కడ తల్లి ప్రాణం పోతే? 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. బెంగళూరులో పోతే కర్ణాటక రిజిస్టరుకెక్కుతుంది. ఆ వివరం వెనక్కి తెచ్చి మన లెక్కలో కలపకపోతే, రోగిని పైకి పంపేసిన ఆసుపత్రి రికార్డు మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది!

కేంద్రం 2008లో తెచ్చిన హెచ్‌ఎంఐఎస్‌కు ప్రభుత్వ ఆసుపత్రులు నెలనెలా అంకెలు పంపాలి. అందులో సున్నా అంటే జరగలేదని, ఖాళీ గడి అంటే చెప్పలేదని. మాటవరసకు నూరుమంది బిడ్డలు పుడితే 60 మందినే తూచారనుకోండి. ఆరుగురు రెండున్నర కిలోలకు తక్కువ. తక్కువ బరువు 10 శాతమేనని రాసేస్తారు. తూచని 40 మంది మాటేమిటి? అందరూ బరువుగా ఉంటే అది 6 శాతం, అందరూ తక్కువైతే 46 శాతం! ఏది నిజమో ఎవరు చెబుతారు?

జిల్లా సగటు మరో ముసుగు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు ఉమ్మడి అనంతపురానివి. శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. ఆ సగటు చూపి పెనుకొండ బాగుందన్నా, బాగాలేదన్నా ఊహే.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ లెక్కలోనూ పథకం కింద చికిత్స పొందినవాళ్లే ఉంటారు. మగ్గం అమ్ముకుని సొంత డబ్బుతో వైద్యం చేయించుకున్న ధర్మవరం నేతన్న ఉండడు.

అందుకే ఏ అంకె చూపినా మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని ఆసుపత్రులు నివేదిక పంపాలి, ఎన్ని పంపాయి? ప్రైవేటు నర్సింగ్ హోములు అందులో ఉన్నాయా? పైకి పంపిన రోగులు ఏమయ్యారు? విద్యార్థులారా, 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. ఉద్యోగులారా, పైవాళ్ల ఒత్తిడికి ఖాళీ గడిలో సున్నా పెట్టకండి.

ఈ నియమం మనకూ వర్తిస్తుంది. సగం లెక్కతో గొంతెత్తితే ఒక్క ప్రశ్నతో నోరు మూయిస్తారు. పూర్తి లెక్కతో నిలదీస్తే జవాబు చెప్పక తప్పదు. రేపు సీమ రాష్ట్రం వచ్చినా ఆ ప్రభుత్వాన్నీ ఇలాగే నిలదీద్దాం.

జై రాయలసీమ!